‘రేపు చూద్దాంలే’ అన్న మాట మా ఇంట్లో ఎంత పడిందంటే



ఈసారి మిరప ధరల గురించి కాదు, పురుగుమందుల గురించి కూడా కాదు. సైకిలుకీ ఇంటికీ చేసుకునే చిన్న చిన్న రిపేర్ల గురించి రాస్తున్నా. దీనికి ఇంత పెద్ద పోస్టా అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. పోయిన ఏడు భాద్రపదం దాకా నేనూ నవ్వేవాణ్ణే.

మా తమ్ముడి కూతురు అప్పుడు పక్క ఊరి హైస్కూల్లో పదో తరగతి. నాలుగు కిలోమీటర్లు, సైకిలు మీదే వెళ్లొస్తది. ఒకరోజు సాయంత్రం సైకిలు అరుగు పక్కన ఆనిస్తూ, "పెదనాన్నా, బ్రేకు సరిగా పట్టట్లేదు, ఒకసారి చూడవా" అంది. వంగి చూశా. బ్రేకు రబ్బర్లు పూర్తిగా అరిగిపోయి, వాటిని పట్టుకునే ఇనప రేకు రీముకి రాసుకుంటా ఉంది. చూశాను కాబట్టి నాకు తెలియదని చెప్పుకోవటానికి లేదు. "రేపు చూద్దాంలే అమ్మా" అన్నా.

రేపు మిరప నాటు ఉంది. ఎల్లుండి యూరియా కోసం లైన్లో నిలబడ్డా. మూడోరోజు పొద్దున తుంపర పడతా ఉంది. మాది సాగర్ కుడి కాలువ కింద ఊరు. మేజరు కాలువ వంతెన దిగేచోట కాస్త పల్లం ఉంటది. అక్కడ బర్రె అడ్డమొచ్చింది. పిల్ల బ్రేకు నొక్కింది. అరిగిన రబ్బరు, పైగా తడి రీము, ఎక్కడ పట్టుద్ది? వంతెన గోడకి గుద్దుకుని పడింది. కుడి మణికట్టు ఎముక విరిగింది.

ఆరు వారాలు కట్టు. స్కూల్లో పరీక్షలు వచ్చినయ్, రాయలేకపోయింది. ఎక్స్‌రేలు, కట్టు, మందులు, ఆటోలు కలిపి తొమ్మిది వేలు దాటింది. బ్రేకు రబ్బర్లు ఎంతో తెలుసా? రెండు చక్రాలకీ కలిపి నలభై రూపాయలు. మార్చటానికి పావుగంట చాలు.

తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు. మరదలు అనలేదు. పిల్ల కూడా "నువ్వు చూడలేదుగా పెదనాన్నా" అనలేదు. ఎవరన్నా అని ఉంటే బాగుండేది అనిపించింది నాకు.

ఇంకా సిగ్గుపడే విషయం ఏంటంటే, ఈ పని నాకు రాకపోవటం కాదు. చిన్నప్పుడు మా ఊళ్లో సైకిల్ షాపు ఉండేది. గంట అద్దెకి సైకిళ్లు ఇచ్చేవాళ్లు. ఆ షాపు తాత దగ్గర కూర్చుని పంచరు వెయ్యటం, చైను బిగించటం, పుల్లలు లాగటం నేర్చుకున్నా. ఇంటర్ చదివిన రెండేళ్లూ నాన్న పాత హెర్క్యులస్ సైకిలు మీద తొమ్మిది కిలోమీటర్లు పోయి వచ్చా. దారిలో తుమ్మ ముల్లు గుచ్చుకుంటే ఎవడొస్తాడు? నేనే వేసుకునేవాణ్ణి. అంత చేసినవాణ్ణి, బండి కొన్నాక ఆ చేతులే మర్చిపోయినయ్. నేనొక్కణ్ణే కాదు, మనందరం మర్చిపోయాం.

మన ఇళ్లలో చూడండి. కొన్నేళ్ల కిందట మన రాష్ట్రంలో సర్కారు వాళ్లు ‘బడికొస్తా’ అని హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చారు. వాటిలో ఎన్ని ఇవాళ గొడ్లచావిట్లో తుప్పు పట్టి ఉన్నయ్? మా బజార్లో నేను చూసినవే ఐదు. ఒక్కటి కూడా విరిగిపోయి మూలన పడలేదు. ఒకదానికి పంచరు, ఒకదానికి చైను తెగింది, ఒకదానికి కేవలం గాలి నిలవట్లేదు. ఐదింటికీ కలిపి మూడు నాలుగు వందలు పెడితే నడుస్తయ్. ఆ పిల్లలేమో ఆటో కోసం రోడ్డు మీద నిలబడతన్నారు. ఆటో రాని రోజు బడి లేదు.

నేను చెప్పేది ఒకటే. చిన్న రిపేరు కనపడ్డ రోజే చెయ్యాలి, మన చేత్తోనే చెయ్యాలి, ఇంట్లో పిల్లలకి కూడా నేర్పాలి. పొలంలో పురుగు కనపడితే ఆ రోజే మందు చూస్తాం. ఇంట్లో మాత్రం నట్టు వదులైతే నెల రోజులు చూస్తా కూర్చుంటాం.

కొన్ని పనులు ఎట్లా చేసుకోవాలో నాకు తెలిసినంత వరకు రాస్తా. తెలిసినవాళ్లు తప్పులుంటే దిద్దండి.

సైకిలు గాలి నిలవకపోతే వెంటనే టైరు విప్పొద్దు. చానా సార్లు అది పంచరే కాదు. గాలి కొట్టే వాలులో చిన్న రబ్బరు గొట్టం ఉంటది, వాల్ ట్యూబు అంటాం. ఎండకి అది చీకిపోద్ది. వాలు మీద కాస్త ఉమ్మి రాసి చూడండి, బుడగ వస్తే దోషం అక్కడే. రెండు మూడు రూపాయల ముక్క మారిస్తే అయిపోద్ది.

నిజంగా పంచరే అయితే ట్యూబుకి గాలి కొట్టి నీళ్ల తొట్లో ముంచితే బుడగ ఎక్కడొస్తే అక్కడ బెజ్జం. తడి తుడిచి, ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాయాలి. రాసిన వెంటనే ప్యాచ్ వేస్తే నిలవదు. వేలు పెడితే అంటుకోనంత దాకా, ఒక ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. అప్పుడు ప్యాచ్ పెట్టి గట్టిగా నొక్కాలి. ట్యూబు లోపల పెట్టేముందు టైరు లోపల చెయ్యి తిప్పి చూడండి, నిదానంగా. సర్కారు తుమ్మ ముల్లు మొన టైర్లోనే ఇరుక్కుని ఉంటది. అది తియ్యకుండా ఎక్కిస్తే మళ్లీ రెండో రోజే పంచరు.

చైనుకి నూనె పొయ్యటం అంటే మనవాళ్లు ట్రాక్టరు కాలిన ఆయిలు గరిటెడు పోస్తారు. దానికి దుమ్ము పట్టి గరుకై, పళ్లు ఇంకా త్వరగా అరుగుతయ్. ముందు పాత గుడ్డతో మట్టి తుడిచి, లింకుకి ఒక చుక్క చొప్పున వేసి, పెడలు తిప్పి, పైన మిగిలింది తుడిచెయ్యాలి. బ్రేకు రబ్బర్ల మీద, రీము మీద మాత్రం నూనె చుక్క కూడా పడకూడదు. ఇంకోటి, సైకిలు ఎండలో పెట్టొద్దు. తొక్కిన టైరు కంటే ఎండకి పెట్టి తొక్కని టైరే ముందు పగులుద్ది.

ఇంట్లో కుళాయి చుక్క చుక్క కారతా ఉంటది. మా పెరట్లో కుళాయి కింద రాత్రి లీటరు చెంబు పెడితే తెల్లారేసరికి నిండి పొర్లిపోయింది. ట్యాంకు వాలు కట్టేసి, కుళాయి పైభాగం విప్పితే లోపల రబ్బరు వాషరు ఉంటది. ఐదు పది రూపాయలు. కొత్తగా వచ్చే సగం తిప్పితే తిరిగే కుళాయిలకి వాషరు ఉండదు, లోపలి స్పిండిలే మార్చాలి. విప్పింది పట్టుకుని షాపుకి పోతే సరిపోయేది ఇస్తారు.

మందు కొట్టే పంపు సంగతి మాత్రం అందరూ జాగ్రత్తగా చదవండి. మూత దగ్గర వాషరు పోయిన పంపు వీపున వేసుకుని కొట్టేవాళ్లని ప్రతి సీజనులో చూస్తన్నా. మందు వీపు మీదుగా నడుము దాకా కారతా ఉంటది. అది చర్మంలోంచి ఒంట్లోకి పోద్ది. ఐదు రూపాయల వాషరు కోసం ఒళ్లు పాడుచేసుకుంటామా? ఇంకా ఘోరం, నాజిలు అడ్డం పడితే నోట్లో పెట్టుకుని ఊదటం. దయచేసి మానండి. పాత పళ్ల బ్రష్షు ఒకటి పంపుకి కట్టి పెట్టుకోండి. నీళ్లలో కడిగి బ్రష్షుతో రుద్దితే వచ్చేస్తది. పని అయ్యాక మంచినీళ్లు పోసి పంపు నడిపితే అసలు అడ్డమే పడదు.

గ్యాస్ స్టవ్వు రబ్బరు పైపు మీద తారీఖు ఉంటది, చూడండి. ఐదేళ్లు దాటితే మార్పించాలి. వాసనొస్తే ముందు రెగ్యులేటరు కట్టేసి తలుపులు తియ్యాలి, లైటు స్విచ్చి కూడా ముట్టుకోకూడదు. కారుతుందేమో అని అనుమానమొస్తే సబ్బు నురగ రాసి చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు మన ఊళ్లలో.

ఇప్పుడు ఇన్ని చెప్పాను కదా అని కరెంటు మీద చెయ్యి వెయ్యొద్దు. ఇక్కడ మాత్రం నా మాట రివర్సు. మోటారుకి నీళ్లు రాకపోతే ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయి మనమే ఫీజులు వేసే అలవాటు ఉంది. మా చుట్టుపక్కల ఊళ్లలో ఇట్లా పోయినవాళ్లు ఉన్నారు. పంట ఎండుద్దని కంగారులో పోయారు. ఆ ఏడు పంట ఎండినా వచ్చే ఏడు మళ్లీ వేసుకోవచ్చు. లైన్‌మన్ రావటం ఆలస్యమైతే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, నలుగురు కలిసి ఫోన్లు చెయ్యండి. అంతేగాని ట్రాన్స్‌ఫార్మరు ముట్టుకోవద్దు. స్టార్టరు డబ్బాలో కూడా అంతే. ఫీజు మాటిమాటికీ పోతందని లావు తీగ వేస్తారు. అప్పుడు ఫీజు కాలదు, మోటారు కాలుద్ది. రీవైండింగుకి వేలల్లో అవుద్ది. ఫీజు పోతందంటే ఎక్కడో దోషం ఉందని అర్థం. తెలిసినవాణ్ణి పిలవాలి. ఏ పని మనం చెయ్యాలో తెలియటంతో పాటు, ఏది చెయ్యకూడదో తెలియటం కూడా పనితనమే.

కొంతమంది అడుగుతారు: "అందరూ ఇంట్లోనే చేసుకుంటే మెకానిక్కులు ఏం తిని బతకాలి?" న్యాయమైన ప్రశ్నే. కానీ ఇవాళ మండలంలో సైకిలు పంచరు వేసేవాడు దొరకటమే కష్టం. బండి మెకానిక్కు దగ్గరికి తీసుకుపోతే, సైకిలు పనికి టైము లేదు బాబాయ్ అంటాడు. ఆయన తప్పు కాదు, ఇరవై రూపాయల పనికి అరగంట ఆయనకి గిట్టదు. మనం వదిలేసిన పని ఇంకెవడో చేస్తాడనుకున్నాం, చేసేవాడు లేడు. చక్రం వంకర తియ్యటం, బేరింగులు మార్చటం లాంటివి చేసేవాళ్లు ఎక్కడన్నా ఉంటే వాళ్ల దగ్గరికే పోదాం, అడిగినంత ఇద్దాం. పంచరుకీ వాషరుకీ పనిరోజు పోగొట్టుకుని పది కిలోమీటర్లు పోవటమే నేను వద్దంటన్నా.

ఇంకో మాట వినపడుద్ది. "మా వాడు ఇంజనీరింగు చదువుతాడు, చేతులు నల్లగా చేసుకోవటం ఎందుకు?" అని. నాకు తెలిసిన ఒక కుర్రాడు మెకానికల్ చదివాడు. వాళ్ల అమ్మ ఫ్యాను రెగ్యులేటరు తిరగట్లేదు చూడరా అంటే యూట్యూబు చూపిస్తాడు. వాణ్ణి తప్పు పట్టను. మనమే వాడి చేతికి ఎప్పుడూ స్పానరు ఇవ్వలేదు. కొంతమంది అయితే ఇది మన పని కాదు, వేరేవాళ్లు చేసే పని అంటారు. నాకు అర్థం కాదు. సైకిలు మనది, తొక్కేది మన పిల్ల, పడితే విరిగేది మన పిల్ల చెయ్యి. పని ఇంకెవరిదో ఎట్లా అవుద్ది?

మా ఇంట్లో ఇప్పుడు పాత బిస్కెట్ డబ్బా ఒకటి పెట్టాం. అందులో సైకిలు స్పానర్లు, కటింగ్ ప్లయరు, స్క్రూడ్రైవరు, సొల్యూషను, ప్యాచ్ ముక్కలు, గరుకు కాగితం, మూరెడు వాల్ ట్యూబు, కుళాయి వాషర్లు, టెఫ్లాన్ టేపు, చిన్న నూనె సీసా. అన్నీ కలిపి ఏడు వందల లోపే అయింది. ఆదివారం పొద్దున అరగంట, కాఫీ తాగినాక, ఇంట్లో వస్తువులు వరసగా చూస్తాం. పార కర్ర వదులైందా, తలుపు మడతబందు కిర్రుమంటందా, సైకిలు బ్రేకు పడతందా. అంతే.

కట్టు విప్పిన తరవాత పిల్ల మళ్లీ సైకిలు ఎక్కటానికి భయపడింది. నేను బలవంతం చెయ్యలేదు. సైకిలు నడవలో తిరగేసి పెట్టి, ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని కొత్త బ్రేకు రబ్బర్లు వేశా. వెనక చక్రానివి తనే వేసింది. ఎడం చెయ్యి ఎక్కువ వాడింది, కుడి చెయ్యి ఇంకా పట్టు రాలేదు అప్పటికి. బిగించి, చక్రం తిప్పి, బ్రేకు నొక్కి, ఠక్కున ఆగేసరికి మళ్లీ మళ్లీ నొక్కి చూసుకుంది. నాలుగు రోజుల తరవాత తనంతట తనే ఎక్కింది. బజార్లో మూలన పడి ఉన్నయ్ అన్నానే, ఆ ఐదు సైకిళ్లలో రెండు ఇప్పుడు నడుస్తన్నయ్. వాటికి పంచర్లు వేసింది నేను కాదు, మా పిల్లే.

ఇది చదివినవాళ్లు లైకు కొట్టకపోయినా పర్లేదు. ఫోను పక్కన పెట్టి ఒక్కసారి లేచి మీ ఇంట్లో పిల్లల సైకిలు బ్రేకు నొక్కి చూడండి. రబ్బరు అరిగితే రేపటి దాకా ఆగొద్దు. మీకు తెలిసిన చిన్న రిపేరు ఏదన్నా ఉంటే, ఎట్లా చెయ్యాలో కింద రాయండి, నేనూ నేర్చుకుంటా.

ఉంటాను. పొలంలో నీళ్లు కట్టాలి.