కత్తి దాచే తల్లి

ఓసీడీ అనే మానసిక జబ్బు పేరు వినగానే మనకు మాటిమాటికీ చేతులు కడుక్కునే మనిషే గుర్తొస్తాడు. 2017లో వచ్చిన ‘మహానుభావుడు’ సినిమా ఆ అతి శుభ్రతతో నవ్వులు పూయించాక ఆ బొమ్మ జనం మనసులో ఇంకా గట్టిపడింది. ఆ బొమ్మతో అరకు కొండల్లో వెతికితే జబ్బు దొరకదు. గెడ్డ నుంచి బిందెలతో నీళ్లు మోసుకునే ఊళ్లో గంటల తరబడి కడుక్కోవడానికి నీళ్లేవి? అక్కడ అది వేరేలా బయటపడొచ్చు. పొయ్యిలో నిప్పు ఆరిందో లేదో అని రాత్రంతా లేచి చూడటం. లెక్క తప్పితే ఇంట్లో ఎవరికో కీడని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం. కన్నబిడ్డను తన చేతులతోనే ఏమైనా చేస్తానేమోనని ఇంట్లో కత్తి దాచేయడం.

ఈ చివరిదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఆ ఆలోచనకు అందరికంటే హడలిపోయేది ఆ తల్లే. బిడ్డకు హాని చేయాలన్న కోరిక ఆమెలో లేదు. ఆలోచన అర్థం లేనిదని చాలావరకు ఆమెకూ తెలుసు. తెలిసినా ఆగదు, తోసేసినకొద్దీ ముసురుకుంటుంది. కత్తి దాచాక కాసేపు ఊరట. ఆ ఊరటే మర్నాడు మళ్లీ దాచమంటుంది. జబ్బు మెలిక అంతా ఇక్కడే ఉంది. చిల్లంగి (చేతబడి) అనుమానంతో మనుషుల్ని చంపిన మన్యంలో ఆమె ఈ మాట ఎవరితో చెప్పుకోగలదు?

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వెయ్యిమంది పెద్దల్లో సుమారు 8 మందికి ఈ జబ్బుంది. ఫ్లూక్సెటిన్ లాంటి మందులున్నాయి, గుణం కనిపించడానికి 10-12 వారాలు పట్టొచ్చు. భయం కలిగినా కత్తి దాచకుండా నిలబడటాన్ని నిపుణుల దగ్గర మెల్లమెల్లగా అలవాటు చేసుకునే చికిత్స కూడా ఉంది. అది వారం వారం సాగాలి. విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు అరకు నుంచి వందకు పైగా కిలోమీటర్లు, అందులో చాలా దూరం ఘాట్ రోడ్డు. కూలి మానుకుని ఎన్ని వారాలు వెళ్తుంది?

మన్యంలోనే ఉన్న పాడేరుకు ఇప్పుడు వైద్య కళాశాల వచ్చింది. అక్కడి నుంచి మానసిక వైద్యుడు సంత రోజున కొండ మీది ఆసుపత్రుల్లో కూర్చోవాలి. ఆశా కార్యకర్త బాలింతను చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక మాట అడగాలి: “వద్దనుకున్నా వచ్చే ఆలోచనేమైనా ఉందా వదినా? అది రాగానే ఏం చేస్తున్నావు?” ఆ మాట అక్కడి ఇళ్లలో మాట్లాడే కువిలోనూ, ఆదివాసీ ఒడియాలోనూ అడగాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఇంత భయాన్ని ఇంటి భాషలోనే చెప్పుకోగల తల్లి కోసం ఆ ఫోన్ అవతల ఆమె భాష తెలిసినవాళ్లూ ఉండాలి.