యతీము వాటాకు కాపు ఎవరు?

పామర్రు చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి యజమాని అకస్మాత్తుగా కన్నుమూస్తే జనాజాకు ఊరంతా కదలివస్తుంది. కొన్నాళ్లకు పినతండ్రో, మేనమామో, జమాఅత్ పెద్దలో కూర్చుని పొలం సంగతి తేలుస్తారు. అప్పు తీరాలంటే చేను అమ్మక తప్పదంటారు. తల్లి తన తరఫునా, పిల్లల తరఫునా సంతకం చేస్తుంది. ఎవరి మనసులోనూ దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ పిల్లల తరఫున చేసిన ఆ సంతకం చెల్లదని అక్కడున్న వారిలో ఎందరికి తెలుసు?

ఒక ఉదాహరణ చూద్దాం. తల్లిదండ్రులు లేని ఒక రైతు భార్యను, ఒక కొడుకును, ఇద్దరు కూతుళ్లను విడిచి మరణించాడు. అంత్యక్రియల ఖర్చు, చెల్లించని మహర్‌తో సహా అప్పులు పోగా 3 ఎకరాల 20 సెంట్లు మిగిలింది. అందులో ఎనిమిదో వంతు, అంటే 40 సెంట్లు భార్యది. కొడుక్కి 140 సెంట్లు, కూతుళ్లకు చెరి 70 సెంట్లు. 1937 నాటి షరీఅత్ చట్టం సాగుభూమిని మినహాయించినా, 1949 నాటి మద్రాసు సవరణ ఆ మినహాయింపును తొలగించింది. నాడు కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిదే. కాబట్టి ఆ తల్లి తన ఇష్టప్రకారం అమ్మగలిగింది 40 సెంట్లే.

బిడ్డను పెంచే హక్కు వేరు, బిడ్డ ఆస్తిపై అధికారం వేరు. హనఫీ న్యాయం ప్రకారం ఆ అధికారం తండ్రిది. ఆయన తరువాత ఆయన నియమించిన వసీది, ఆపై తాతది, తాత నియమించిన వసీది. వీరెవరూ లేనప్పుడు న్యాయస్థానానిది. తల్లి తనంత తానుగా మైనరు స్థిరాస్తిని అమ్మితే చెల్లదని ఇమాంబందీ కేసులో ప్రివీ కౌన్సిల్ 1918లోనే తేల్చింది. మైనరు తమ్ముడి తరఫున అన్న ఒప్పుకున్న కుటుంబ పరిష్కారం కూడా చెల్లదని 1952లో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్టరు చేయించినంత మాత్రాన ఈ లోపం తీరదు. కొన్నవాడికి వ్యాజ్యం, పెరిగిన బిడ్డకు అన్యాయం మిగులుతాయి.

అలాగని తల్లికి దారి మూసుకుపోలేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద మచిలీపట్నంలోని జిల్లా కోర్టును ఆశ్రయిస్తే ఆమెనే ఆస్తి సంరక్షకురాలిగా నియమించవచ్చు. ఆ తరువాత కూడా అమ్మకానికి, తాకట్టుకు, అయిదేళ్లకు మించిన కౌలుకు కోర్టు ముందస్తు అనుమతి ఉండాలి. బిడ్డకు నిజమైన అవసరమో, స్పష్టమైన మేలో కనిపిస్తేనే ఆ అనుమతి లభిస్తుంది. ఇది తల్లిపై అనుమానం కాదు, బిడ్డకు రక్షణ. పైగా పొలం తక్షణం రాసివ్వమని ఒత్తిడి చేసే బంధువులకు ఆమె ఇవ్వగల బలమైన సమాధానం కూడా.

యతీముల సొమ్ము తినడాన్ని దివ్యఖుర్ఆన్ ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మనకు తెలియనిది కాదు. వారికి పరిణతి వచ్చాక ఆస్తిని సాక్షుల సమక్షంలో అప్పగించమని సూరా అన్‌నిసా ఆదేశిస్తోంది. సాక్షుల ముందు అప్పగించాలంటే, అప్పటివరకూ లెక్క ఉండాలి. కౌలు ఎంత వచ్చింది, బడి ఫీజుకు ఎంత పోయింది, ఏ అప్పు ఎప్పుడు తీరింది అన్న వివరాలు ఒక పుస్తకంలోకి ఎక్కాలి. అన్నదమ్ముల మధ్య లెక్కలేమిటన్న మాట ఔదార్యంలా వినిపిస్తుంది. దాని ధర మాత్రం చెల్లించేది మాట్లాడలేని పసివాడే.

అందుకే మేము తండ్రులను కోరుతున్నాం: ఆరోగ్యంగా ఉన్నప్పుడే, మీ పిల్లల ఆస్తికి వసీ ఎవరో కాగితంపై రాసి సాక్షులతో సంతకాలు చేయించండి. మీ భార్యనే వసీగా నియమించవచ్చు, షరీఅత్ అడ్డుపడదు. ఇందులో ఎవరి వాటా తరగదు, బాధ్యత మాత్రమే నిర్ణయమవుతుంది. మస్జిద్ కమిటీలు సైతం ఒక పని చేయాలి. మైనరు పిల్లలున్న ఇంట మరణం సంభవిస్తే, నెలలోపు వారసుల పేర్లు, వాటాలు, అప్పులు రాసి ఒక ప్రతిని తల్లికి ఇవ్వాలి.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమకు ఒక్క రాత్రిలో పిల్లలు దిక్కులేనివారు కావడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మృత్యువు వీలునామా రాసేదాకా ఆగదు. యతీము తల నిమరడం పుణ్యమే. వాడి 140 సెంట్లు వాడికి దక్కేలా చూడడం మన విధి.