ఈస్టరు కూటమునకు ఇంటి గవ్వలు

ఈస్టరు కూటమునకు రంగు బిస్కత్తులు బజారునుండియే రావలెనా? అక్కఱలేదని నా యభిప్రాయము. డబ్బా తెచ్చిన బాలుఁడు ముందు వరుసలోను, తేలేనివాఁడు తలుపు చాటునను నిలుచుట చూడఁదగిన దృశ్యము కాదు. పొయ్యియు మూకుడును గల ప్రతి యింటను గవ్వలు చేయవచ్చును. గోధుమపిండిని కొంత పసుపు నీటితోను, కొంత బీటురూటు రసముతోను తడిపి, గవ్వలచెక్కపై నొత్తి, సన్నని మంటపై నూనెలో వేఁపవలెను. బీటురూటు రంగు వేఁడికిఁ గొంత వెలిసిపోవును, పసుపు నిలుచును. సోడా పడినచో నదియు నెఱ్ఱబాఱును! పంచదార పాకమున రంగు కనఁబడును, బెల్లపు పాకము దానిని గప్పివేయును. ఐనను ఉయ్యూరు ప్రాంతపు బెల్లమువైపే నా మొగ్గు. పిండి పిసుకుట బాలికల పనియని బాలురు తప్పించుకొనరాదు. ప్రతివారును గుప్పెడైనను దెచ్చి యొకే గంపలోఁ బోసినచో, ఏవి యెవరివో యెవరికిని దెలియదు.