ఒక ఉత్తరం
మన హైదరాబాద్ బిడ్డ మేజర్ పద్మపాణి ఆచార్య గుర్తు రావాలంటే కార్గిల్ దినం దాకా ఆగాలా, మైకులూ దండలూ కావాలా? 1999 జూన్ 28న ద్రాస్ కొండల్లో, రాజ్‌పుతానా రైఫిల్స్ కంపెనీని ముందుకు నడుపుతూ తీవ్రంగా గాయపడి కదల్లేకపోయాడు. తనను వదిలేసి శత్రువు మీదికి పొమ్మని జవాన్లను పంపి, పడ్డచోటి నుంచే కాల్పులు సాగించాడు. ఆ గాయాలతోనే పోయాడు. మహావీర చక్ర ఇచ్చారు, సరే. నన్ను పట్టి కుదిపేది మాత్రం అంతకు కొద్దిరోజుల ముందు నాన్నకు రాసిన ఉత్తరం. కడుపుతో ఉన్న తన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమన్నాడు, పుట్టబోయే బిడ్డకు మంచి అబ్బాలని. తూటాల మధ్య కూర్చుని ఎంత ఇంటి మాట! దాన్ని తెలుగులోకి తెచ్చి పదో తరగతి వాచకంలో పెడితే ఏం పోతుంది?