పక్క కుర్చీ

రెండు నెలల కిందట ఒక ఆదివారం పొద్దున్నే, నేనింకా పేపరు చేతిలోంచి దించకముందే, దమ్మాయిగూడలో మా యింటికి నా పాత శిష్యుడొకడు వచ్చాడు. ఇంటర్లో నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. తరువాత ఇంజనీరై ఒక కంపెనీలో చేరాడు. ఫ్యాక్టరీల్లో పైపులు ఎక్కడినుంచి ఎక్కడికి పోవాలో, ఎంత పొడవుండాలో గీసే సాఫ్ట్‌వేరు రాయటం అతని పని. కాఫీ యిస్తే ముట్టుకోలేదు.

"సార్, రేపు నేనొక కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే ఒక పెద్దాయన నోటికాడి కూడు పోతుంది. పెట్టకపోతే నా పేరు చెడుతుంది. ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

సంగతి యిది. ఆ కంపెనీలో ఒక డ్రాఫ్ట్స్‌మన్ వున్నాడు. టీ-స్క్వేరు, పెన్సిలు పట్టిన రోజులనుంచీ బొమ్మలు గీస్తున్నవాడు. రిటైరు కావటానికి ఏడాది కూడా లేదు. కిందటేడు మావాడూ, అతని తోటివాళ్లూ కలిసి ఆ సాఫ్ట్‌వేరుకు కొత్త రూపం యిచ్చారు. రంగులు మార్చారు, బొత్తాలు మార్చారు, కొత్త సౌకర్యాలు చేర్చారు. పైవాళ్లు చూసి భుజం తట్టారు. ఆ తరువాత ఒకరోజు పెద్దాయన ఒక పైపు కొలత మార్చాడు. ఆ మార్పు ఒక షీటులో పడింది, రెండో షీటులో పడలేదు. వర్క్‌షాపువాళ్లు రెండో షీటు చూసి కోశారు. లారీడు సరుకు పనికిరాకుండా పోయింది. పెద్దాయనకి మెమో వచ్చింది. హెచ్చరిక కనిపించినా లక్ష్యపెట్టలేదని నేరం. సాఫ్ట్‌వేరు హెచ్చరించిన మాట నిజమేనని మావాడు రాసివ్వాలి.

"హెచ్చరించిందా?" అన్నాను.

"అక్షరాలా హెచ్చరించింది సార్. ఆయన చదవకుండా 'సరే' నొక్కేశాడు."

"అలాంటి హెచ్చరికలు ఆయనకి రోజుకి ఎన్ని వస్తాయి?"

మావాడు కాసేపు మాట్లాడలేదు. "లెక్కపెట్టలేదు సార్," అన్నాడు.

నాకు పైపుల సంగతి తెలియదు. పరీక్ష పేపర్ల సంగతి తెలుసు. కుర్రవాడి వ్యాసంలో ప్రతి వాక్యం కిందా ఎర్రగీత గీసిన మాస్టారు ఏ తప్పూ చూపించనట్టే. కుర్రవాడికి అన్నీ ఎరుపే, ఏదీ కనిపించదు. ఆ మాటే చెప్పి, ఎప్పుడో చదివిన ఒక వుదంతం కూడా చెప్పాను. మీకూ చెబుతాను.

1979 మార్చి 28వ తేదీ తెల్లవారుజామున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో నీటి పంపులు ఆగిపోయాయి. ఒత్తిడి పెరిగి ఒక కవాటం తెరుచుకుంది. పెరిగిన ఒత్తిడి తగ్గాక అది మూసుకోవాలి. మూసుకోలేదు. అయితే పనివాళ్ల ఎదుటి బల్లమీద దానికి సంబంధించిన దీపం ఆరిపోయింది. మూసుకుందనే వాళ్లు అనుకున్నారు. అసలు ఆ దీపం కవాటం సంగతి చెప్పేది కానేకాదు. కవాటానికి వెళ్లిన ఆజ్ఞ సంగతి మాత్రమే చెప్పేది! "మూసుకో" అన్నామని దీపం చెప్పింది. మూసుకున్నదో లేదో చెప్పే దిక్కులేదు. యీలోగా నూటికి పైగా హెచ్చరికలు ఒక్కసారిగా మోగాయి, వెలిగాయి. ఏది ముఖ్యమో, ఏది కాదో తేల్చుకునే వీలెక్కడిది? రెండు గంటలకు పైగా నీరు పోతూనే వుంది. రియాక్టరు గుండెకాయలో సగందాకా కరిగిపోయింది.

దీనిపై విచారణ సంఘానికి జాన్ కెమెనీ అనే గణితాచార్యుడు అధ్యక్షుడు. ఈయనే 1964లో థామస్ కర్ట్జ్‌తో కలిసి, సైన్సు చదవని విద్యార్థులు సైతం కంప్యూటరు వాడుకోగలగాలని 'బేసిక్' అనే భాషను తయారు చేసినవాడు. పనివాళ్లు పొరపాటు పడ్డారని ఆ సంఘం దాచలేదు. అయితే అంతటితో చేతులు దులుపుకోలేదు. వాళ్లకిచ్చిన శిక్షణలోనూ, కంట్రోలు గది అమరికలోనూ వున్న లోపాలను బయటపెట్టింది. ఆ కంట్రోలు గదిని పరిశీలించినవారిలో డొనాల్డ్ నార్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒకరు. వాడేవాడిని మధ్యన పెట్టుకుని వస్తువును రూపొందించాలనే వాదాన్ని ఆయన 1986లో స్టీఫెన్ డ్రేపర్‌తో కలిసి ఒక గ్రంథంగా తెచ్చారు. యివాళ ఇంజనీర్లు దానిని పాఠంగా చదువుకుంటున్నారు.

"అమెరికా దాకా ఎందుకురా, మన పక్కనే చూడు," అన్నాను.

మా దమ్మాయిగూడ నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో ఇ.సి.ఐ.ఎల్. వస్తుంది. 1967లో అణుశక్తి శాఖ కింద పుట్టిన సంస్థ అది. దాని మూలపురుషుడు డాక్టర్ ఎ. ఎస్. రావుగారి పేరే పక్కనున్న ఎ. ఎస్. రావు నగర్‌కు పెట్టుకున్నాం. ఎన్నికల యంత్రం నమూనాను ఆ సంస్థ తయారు చేసింది కూడా 1979లోనే. 1982 మేలో కేరళలోని పరవూరులో యాభై పోలింగు కేంద్రాలలో తొలిసారి ఆ యంత్రాన్ని వాడి చూశారు. 2004 లోక్‌సభ ఎన్నికలు దేశమంతటా యంత్రాలమీదే జరిగాయి.

ఆ యంత్రంపై రాజకీయ వివాదాలు వేరే సంగతి. దాని ముఖం చూడండి. లోపల ఎంత చిక్కుముడి వున్నా, బయటికి పాత బ్యాలెట్ కాగితంలాగానే పేరూ, గుర్తూ. పక్కన నీలంరంగు బొత్తాం. నొక్కితే ఎర్రదీపం, ఒక పొడుగాటి కూత. కరెంటు లేని పల్లె వుందని బ్యాటరీ పెట్టారు. చూపులేనివారున్నారని బ్రెయిలీ అంకెలు పెట్టారు. అయినా జనానికి ఒక సందేహం మిగిలింది: బొత్తాం నొక్కాను, దీపం వెలిగింది, ఓటు ఎవరికి పడింది? 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్ వుప ఎన్నికలో కాగితపు చీటీ చూపించే పెట్టె మొదటిసారి వచ్చింది. అద్దం వెనక ఆ చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. త్రీ మైల్ ఐలండ్ దీపానికీ, యీ చీటీకీ తేడా గమనించారా? ఆ దీపం ఇచ్చిన ఆజ్ఞను చెప్పింది. యీ చీటీ జరిగిన పనిని చూపిస్తుంది.

తెలుగు మాస్టారిని కదా, గిడుగువారిని తలుచుకోకుండా వుండలేను. సవరల పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు గిడుగు రామమూర్తిగారు వాళ్లను మన భాష నేర్చుకుని రమ్మనలేదు. తానే వాళ్ల భాష నేర్చుకున్నారు, వాళ్ల మాటల్లోనే పాఠాలు రాశారు. తరువాత జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని ఆయన పోరాడారంటే ఆశ్చర్యమేముంది?

అంతా విని మావాడు, "అయితే సంతకం పెట్టవద్దంటారా సార్?" అన్నాడు.

"పెట్టమనీ అనను, వద్దనీ అనను. రెండు వారాలు గడువు అడుగు. ఆ రెండు వారాలూ ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. నేర్పటానికి కాదు, చూడటానికి. నోరు మెదపకు," అన్నాను.

మూడు వారాల తరువాత మళ్లీ వచ్చాడు. యీసారి కాఫీ తాగాడు.

మొదటి రోజే హెచ్చరికలు లెక్కపెట్టాడట. నలభై మూడు! అందులో నలభై వుత్తవి. ఫైలు దాచమంటారా, రంగు మార్చమంటారా అనేవి. మిగిలిన మూడూ ప్రాణం మీదికి వచ్చేవి. అన్నీ ఒకే పెట్టెలో, ఒకే అక్షరాల్లో, ఒకే 'సరే' బొత్తాంతో వస్తాయి. పెద్దాయన చెయ్యి దానికదే 'సరే' మీదికి పోతున్నది.

"ఇంకొకటి సార్. ఆయన పక్కన చిన్న నోటుపుస్తకం వుంటుంది. కొలత మార్చినప్పుడల్లా, ఆ పైపు ఇంకా ఏయే షీట్లలో వుందో అందులో పెన్సిలుతో రాసుకుంటాడు. సాఫ్ట్‌వేరు చెయ్యవలసిన పని ఆ పుస్తకం చేస్తున్నది. ఆ రోజు పుస్తకం ఇంట్లో మరిచిపోయాడట. అంతే."

కొత్త రూపం గీసేటప్పుడు మావాళ్లు ఎవరిని అడిగారయ్యా అంటే, పై అధికారులను. వాళ్లెవరూ రోజూ ఆ సాఫ్ట్‌వేరు ముందు కూర్చునేవాళ్లు కారు.

మావాడు కాగితం రాసిచ్చాడు. "హెచ్చరిక వచ్చిన మాట నిజం. దానిని కనిపించకుండా చేసింది మేము," అని. ఆ మాటకు పైవాళ్లు సంతోషించలేదు. ఆ ఏడు రావలసిన ప్రమోషను అతనికి రాలేదు. పెద్దాయన మెమో మాత్రం వెనక్కి తీసుకున్నారు. సాఫ్ట్‌వేరులో నలభై వుత్త హెచ్చరికలు తీసేశారు. ఇప్పుడు కొలత మారిస్తే, ఆ పైపు వున్న షీట్లన్నీ వరసగా ఒక పక్కన కనిపిస్తాయి, అచ్చం ఆ నోటుపుస్తకంలో లాగానే. అన్నీ ఒకటయ్యేదాకా బొమ్మ వర్క్‌షాపుకి పోదు.

"ఆయనేమన్నాడురా?" అని అడిగాను.

"చూసి బాగుందన్నాడు సార్. కానీ పుస్తకం మాత్రం జేబులో పెట్టుకునే వస్తున్నాడు."

రానియ్యి అన్నాను. ఇంకో నాలుగు నెలలు పక్కన కూర్చుంటే, ఆ పుస్తకంలో మావాడికి ఇంకా ఏమేమి దొరుకుతాయో!