పిల్లవాడి చేతిలో రైఫిలు, తల్లి గుండెలో దిగులు

మొన్న జుమా నమాజు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి, నెల్లిమర్లలో మా వీధి చివర బట్టలు కుట్టుకుని బతికే ఒక సోదరి తన కొడుకుతో మా అరుగు మీద కూర్చుని ఉంది. పిల్లవాడిది తొమ్మిదో తరగతి. బడిలో ఎన్‌సిసిలో చేరాడు. క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిలు ఇచ్చి పేల్చమంటే ఐదు గుళ్ళూ దగ్గరదగ్గరగా పడ్డాయట. అప్పటినుంచి వాడికి అదే ధ్యాస.

"మాష్టారూ, వీడు బందూకు నేర్చుకుంటానంటున్నాడు. చదువు ఏటైపోవాలి? పైగా మన పిల్లడు. మన పేరున్నోడి చేతిలో తుపాకి చూస్తే నలుగురూ ఏటనుకుంటారు?" అని ఆమె కళ్ళు తుడుచుకుంది.

మొదటి ప్రశ్న ఏ తల్లి అయినా అడిగేదే. రెండోది మాత్రం మన ఇళ్ళలోనే వినిపిస్తుంది. దాన్ని నవ్వి కొట్టిపారేయడం నాకు చేతకాలేదు.

ముందు అసలు ఈ ఆట ఏమిటో తెలుసుకుందాం. సినిమాల్లో తుపాకి వేరు, పోటీల్లో రైఫిలు వేరు. ఎయిర్ రైఫిలులో మందుగుండు ఉండదు. గాలి ఒత్తిడితో నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ పది మీటర్ల దూరంలోని గురి మీదికి వెళుతుంది. ఆ గురి నడుమ పది పాయింట్లిచ్చే చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, అంటే పెన్సిలు మొనతో పెట్టిన చుక్కంత. ఐదున్నర కిలోల వరకూ బరువుండే రైఫిలును నిలబడి భుజానికి ఆనించి, గంటంపావులో 60 సార్లు ఆ చుక్కను వెతుక్కోవాలి. ఊపిరి కదిలితే గురి చెదురుతుంది. గుండె కొట్టుకోవడం కూడా గొట్టం కొసన తెలుస్తుంది. పరుగు లేదు, కేక లేదు, కోపం వచ్చినవాడు ఆ రోజుకు ఓడినట్టే. సబర్ అనే మాటకు అర్థం నేను ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను గాని, ఇంత స్పష్టంగా ఏ పాఠంలోనూ చూపించలేకపోయాను.

బాణవిద్యను దైవప్రవక్త (స) ఎంతగా ప్రోత్సహించారో ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖనాలు చదివినవారికి తెలుసు. ఆ సంగతి చెప్పి మురిసిపోయేవారు రెండో సగం మరచిపోతుంటారు. ప్రాణమున్నదాన్ని గురిగా నిలబెట్టవద్దన్నారు. తోడబుట్టినవాడి వైపైనా, వేళాకోళానికైనా ఆయుధం చూపవద్దన్నారు. రేంజిలో పిల్లవాడికి మొదటిరోజు నేర్పేదీ అదే. గొట్టం ఎప్పుడూ గురి వైపే ఉండాలి, మనిషి వైపు తిరగకూడదు. ఆ నియమం తప్పినవాడు ఎంత బాగా పేల్చినా పోటీ నుంచి బయటికి పోవలసిందే.

ఇక "నలుగురూ ఏమనుకుంటారు" అన్న సంగతి. హైదరాబాదు కుర్రవాడు ధనుష్ శ్రీకాంత్‌కు పుట్టుకతోనే చెవులు వినిపించవు. గగన్ నారంగ్ అకాడమీలో ఎయిర్ రైఫిలు నేర్చుకున్నాడు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. మరుసటి ఏడాది జర్మనీలోని జూల్ నగరంలో, చెవులు వినిపించేవారితోనే తలపడి జూనియర్ ప్రపంచకప్ స్వర్ణం తెచ్చాడు. 2025 నవంబరులో టోక్యో బధిరుల ఒలింపిక్స్‌లో మళ్ళీ అతడే మొదటివాడు. ఆ రోజు అతని పక్కన రజతం అందుకున్నది మరో భారతీయుడే, పేరు మహమ్మద్ ముర్తజా వానియా. ఉత్తరప్రదేశ్ వాడైన మేరాజ్ అహ్మద్ ఖాన్ 2022లో చాంగ్వాన్ ప్రపంచకప్‌లో స్కీట్ స్వర్ణం గెలిచినప్పుడు ఆయన వయసు 46. మేరఠ్ వాడైన షాజర్ రిజ్వీ 2018లో పిస్టలుతో ప్రపంచకప్ స్వర్ణం తెచ్చాడు. ఇవి మన పేర్లే. వారి కోసం మోగింది ఈ దేశపు గీతమే.

అలాగని ఆ తల్లి భయం ఉత్తదని నేననను. కనుక చట్టం తెలిసి ఉండాలి. 21 ఏళ్ళు నిండనివారికి తుపాకి లైసెన్సు రాదు. పాయింట్ టూ టూ వంటిదాన్ని చిన్నవారు శిక్షకుడి ఎదుటే పేల్చాలి. పోటీల ఎయిర్ రైఫిలు తక్కువ శక్తిది కనుక లైసెన్సు అక్కరలేని తరగతిలోకి వస్తుంది. అయినా కొన్న రసీదు, బడి లేదా క్లబ్బు ఇచ్చిన గుర్తింపు పత్రం ప్రయాణంలో వెంట ఉండాలి. అందరికీ అవసరమే, మన పిల్లలకు మరికాస్త ఎక్కువ అవసరం. ఈ వాక్యం రాయవలసి రావడం నాకు కష్టంగానే ఉంది.

డబ్బు మాటకొస్తే, మంచి రైఫిలు ధర లక్షల్లో ఉంటుంది. దాని మీద బిగుతు కోటు, బూట్లు, పెల్లెట్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ కోసం తల్లిదండ్రులు స్థలం అమ్మారని పత్రికలు రాశాయి. ఆ కథ విని ఎవరూ ఇల్లు అమ్ముకోవద్దు. నాకు అంతకంటే నచ్చినది స్వప్నిల్ కుసాలే కథ. కొల్హాపూర్ దగ్గర పల్లెటూరివాడు, ఉపాధ్యాయుడి కొడుకు. మహారాష్ట్ర ప్రభుత్వం నడిపే క్రీడా ప్రబోధినిలో చేరి రైఫిలు పట్టాడు, రైల్వేలో టికెట్ కలెక్టరు ఉద్యోగం చేశాడు, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిలులో కాంస్యం గెలిచాడు. ప్రభుత్వం దారి వేస్తే పల్లెటూరి మాష్టారి కొడుకు ఎంత దూరం వెళ్ళగలడో చూడండి.

మనకు అంత దూరం పోనక్కరలేదు. మన మండలంలోనే కొండవెలగాడ ఉంది. బరువులెత్తే ఆడపిల్లల ఊరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. మొదట కాంస్యం, గెలిచిన అమ్మాయి మందులు వాడినట్టు తేలాక అది రజతమైంది. ఇనుప బరువులకు ఒక పల్లె చోటిచ్చింది. పది మీటర్ల రేంజికి కావలసింది గట్టి గోడ ఉన్న ఒక పొడుగాటి గది. విజయనగరం జిల్లాలో అటువంటి గది ఒకటి బడిపిల్లల కోసం తీసి, ఒక శిక్షకుణ్ణి పెట్టమని మనమంతా కలిసి అడగాలి. పెళ్ళిళ్ళ హాళ్ళకు చందాలు పోగుచేయగలిగినవాళ్ళం, ఇది అడగలేమా?

ఆడపిల్లలున్న తల్లులు కూడా వినాలి. ఇది ఒళ్ళంతా కప్పే కోటుతో ఆడే ఆట. ఇరాన్‌కు చెందిన ఇలాహే అహ్మదీ తలకు వస్త్రం కట్టుకునే 2012 లండన్‌లో ఎయిర్ రైఫిలు ఫైనల్ దాకా వెళ్ళింది. మన హైదరాబాదు ఈషా సింగ్ 13 ఏళ్ళకే, 2018లో, పిస్టలులో జాతీయ చాంపియన్. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలు తెచ్చింది.

చదువు సంగతికి వస్తాను. పెల్లెట్ లేకుండా గోడ ఎదుట నిలబడి గురి పట్టడమే ఈ ఆటలో పెద్ద సాధన. ఫజర్ తరువాత అరగంట చాలు, బడి గంట పోదు. పదో తరగతి వాళ్ళు జనవరి నుంచి పరీక్షలయ్యేదాకా రైఫిలు కట్టిపెట్టాలన్నది నా అభిప్రాయం, శిక్షకులు ఒప్పుకోకపోవచ్చు. అసలు గండం ఆ తరువాతది. ఇంటర్ పేరుతో పిల్లలను పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా గదుల్లో కుక్కే చోట ఏ ఆటా బతకదు. ఆ రెండేళ్ళు ఎక్కడ చదివించాలో తల్లిదండ్రులు ఇప్పుడే ఆలోచించుకోవాలి.

"అయితే రైఫిలు ఇంటికి తెస్తాడా మాష్టారూ?" అంది ఆమె.

"తేడు బేటీ. ఎన్‌సిసి రైఫిలు వాళ్ళ దగ్గరే తాళంలో ఉంటుంది. వీడికి దాని మీద ఒక్క పైసా ఖర్చు లేదు."

పిల్లవాడి చేతికి నా గొడుగు ఇచ్చి, గోడ మీది క్యాలెండరులో ఆనాటి తేదీకి గురి పట్టమన్నాను. మేం మాట్లాడుకున్నంతసేపూ కదలకుండా నిలబడ్డాడు. లెక్కల్లో నూటికి 41 వచ్చాయట. వచ్చే పరీక్షల్లో 60 దాటితే హైదరాబాదు వెళ్ళేటప్పుడు గచ్చిబౌలి రేంజి చూపిస్తానన్నాను. "యాభై ఐదుకి చూపించరా మాష్టారూ?" అని బేరమాడాడు.