పెద్ద బోరు పిచ్చి

“నైన్ ఎంఎంతో కొడితే దొంగ నవ్వుకుంటూ మీదికొస్తాడు బావా. అదే ఫార్టీఫైవ్ అనుకో, ఒక్కటి తగిలిందంటే ఎగిరి గోడకు కొట్టుకోవాల్సిందే!” ఈమధ్య ఒక పెళ్లి భోజనాల దగ్గర, డాలస్ నుంచి వచ్చిన దూరపు బంధువు అన్న మాట ఇది. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. వాళ్లలో ఒకతను టెక్సస్‌లో ఇల్లు కొన్నాడు, ఇంట్లోకి పిస్టల్ కూడా కొనాలనుకుంటున్నాడు. శుభకార్యం కదా అని ఆ పూట ఊరుకున్నాను. కానీ ఊరుకోదగ్గ మాట కాదది. ఏ పనికి ఏ తూటా అన్న ప్రశ్నను ఈ పెద్ద బోరు పిచ్చి, అంటే గొట్టం ఎంత లావైతే తూటా అంత గొప్పదన్న నమ్మకం, నూరేళ్లకు పైగా నోరెత్తనివ్వడం లేదు. మనవాళ్లు అమెరికా తుపాకీ దుకాణాల గడప తొక్కడం మొదలుపెట్టాక అది మన ఇళ్లలోకీ వచ్చేసింది.

ముందు ఆ ఎగిరిపడటం సంగతి చూద్దాం. సినిమాలో మనిషి ఎగిరిపడతాడు, ఎందుకంటే నడుముకు తాడు కట్టి వెనక నుంచి లాగుతారు. .45 గుండు బరువు 230 గ్రెయిన్లు, అంటే దాదాపు 15 గ్రాములు. వేగం సెకనుకు 260 మీటర్లు. ఆ ఊపు మొత్తం 70 కిలోల మనిషికి అందినా అతను కదిలేది సెకనుకు ఐదారు సెంటీమీటర్లే. పసిపిల్లల పాకుడు ఇంతకన్నా వేగం. పైగా తూటాకు ఎదుటివాణ్ణి విసిరికొట్టే బలమే ఉంటే, అదే బలం కాల్చినవాడినీ వెనక్కి తన్నాలి. వాడు ఎందుకు నిలబడే ఉన్నాడు? ఇది హైస్కూల్లో చదువుకున్న న్యూటన్ సూత్రమే. ఇంజనీరింగ్ చదివి, పెద్ద పెద్ద కంపెనీల్లో పనిచేసే మనుషులు తుపాకీ మాట రాగానే ఆ సూత్రాన్ని గాలికొదిలేస్తే నాకు కోపం రాదా?

శక్తి లెక్క చూసినా అంతే. 124 గ్రెయిన్ల 9 ఎంఎం గుండు సెకనుకు 350 మీటర్ల వేగంతో పోతుంది. దాని శక్తీ, ఆ .45 శక్తీ రెండూ ఇంచుమించు 500 జౌళ్లే. వ్యాసంలో తేడా రెండున్నర మిల్లీమీటర్లు. పిస్టల్ తూటా చేసేది ఒక రంధ్రం. అది ఎక్కడ పడింది, ఎంత లోతుకు పోయింది అన్నవే అసలు విషయాలు. ఆ రెండున్నర మిల్లీమీటర్ల కోసం ఎక్కువ తన్నుడు, ఎక్కువ ఖర్చు భరించి, మ్యాగజైన్‌లో తక్కువ తూటాలతో సరిపెట్టుకుంటున్నారు.

ఈ మూఢనమ్మకం పుట్టిన చోటు కూడా చెప్పాలి, ఎందుకంటే దాని పుట్టుకే నన్ను ఎక్కువ మండిస్తుంది. ఫిలిప్పీన్స్‌లో మోరో యోధుల మీద తమ .38 రివాల్వర్లు పనిచేయడం లేదని అమెరికా సైనికులు మొత్తుకున్నారు. దాంతో 1904లో జాన్ థాంప్సన్, లూయీ లాగార్డ్ అనే ఇద్దరు సైనికాధికారులకు పరీక్షలు చేసే పని అప్పగించారు. ఒకరు ఆయుధాల శాఖ మనిషి, ఇంకొకరు డాక్టరు. వాళ్లు షికాగో కబేళాలకు వెళ్లి బతికున్న పశువులను రకరకాల తూటాలతో కాల్చారు. శవాలను వేలాడదీసి కాల్చి, ఎంత ఊగాయో కంటితో అంచనా కట్టి రాసుకున్నారు. మొదటి రోజు ఒక పద్ధతి, మరునాడు ఇంకో పద్ధతి. పెద్ద తూటాలు తిన్న పశువుల్లోనూ వెంటనే కూలనివి ఉన్నాయి. అయినా .45కు తగ్గకూడదన్న నిర్ణయం బయటికొచ్చింది. 1911 మోడల్ కోల్ట్ పిస్టల్ ఆ బోరుతోనే సైన్యంలోకి వెళ్లింది. తర్వాత అదే థాంప్సన్ పేరుతో, అదే .45 బోరులో టామీ గన్ వచ్చింది. ఈ వేలాడే శవాల ఊపు మీద ఒక శతాబ్దం నమ్మకం నిలబెట్టుకున్నారంటే ఏమనాలి?

ఇంకా ఘోరం ఏమిటంటే, ఆ నివేదికలోనే ఒక మంచి మాట ఉంది. ఒంట్లో చాలా భాగాల్లో ఏ తూటా తగిలినా మనిషి వెంటనే ఆగుతాడన్న ఆశ లేదు, కాబట్టి సైనికులకు గురి మీద విడవకుండా తర్ఫీదు ఇవ్వాలి అన్నారు వాళ్లు. .45 భక్తులు ఆ సగాన్ని ఎప్పుడూ చదవరు. గురికి చెమటోడ్చాలి. బోరుకు డబ్బిస్తే చాలు.

ఆ తర్వాత వచ్చినవి శాతాల పట్టికలు. 1992లో ఇవాన్ మార్షల్, ఎడ్విన్ శానో ఒక పుస్తకం వేశారు. ఏ తూటా ఒక్క దెబ్బతో ఎందరిని ఆపిందో నిజంగా జరిగిన కాల్పుల నుంచి లెక్కగట్టామన్నారు. ఆ లెక్క కట్టిన తీరు వినండి. మనిషికి ఒక్క తూటా తగిలిన సంఘటనలనే తీసుకున్నారు. రెండోది తగిలితే ఆ సంఘటనను జాబితాలోంచి తీసేశారు. మొదటి తూటా పనిచేయకపోతేనే గదా ఎవడైనా రెండోది కాల్చేది! అంటే ఓడిపోయిన తూటాలు లెక్కలోకే రావు. పరీక్ష తప్పినవాళ్ల పేర్లు కొట్టేసి నూటికి తొంభై పాసయ్యారని బోర్డు పెట్టే కోచింగ్ సెంటర్‌కూ దీనికీ తేడా ఏముంది? వియత్నాంలో సైనికుల గాయాలకు వైద్యం చేసి, తర్వాత గాయాల శాస్త్రంలో పరిశోధనశాల నడిపిన మార్టిన్ ఫాక్లర్ లాంటి సర్జన్లు ఈ పద్ధతిని గట్టిగా తప్పుపట్టారు. ఎవరు విన్నారు? ఆ శాతాలు దుకాణాల కౌంటర్ల మీద నుంచి దిగి మన పెళ్లి పందిళ్ల దాకా వచ్చాయి.

మయామీ పేరు చెప్పి నా నోరు మూయించబోయేవాళ్లూ ఉన్నారు. 1986 ఏప్రిల్ 11న అక్కడ ఎఫ్‌బీఐ ఏజెంట్లకూ ఇద్దరు దోపిడీ దొంగలకూ కాల్పులు జరిగాయి. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఒక 9 ఎంఎం తూటా దొంగ చేతిలోంచి దూసుకెళ్లి ఛాతీలోకి దిగింది, గుండె దాకా చేరకుండా ఆగిపోయింది. ఎఫ్‌బీఐ తప్పంతా ఆ తూటా మీదకు నెట్టింది. అవతలివాడి చేతిలో రైఫిల్ ఉంది, ఏజెంట్లలో ఎక్కువమంది దగ్గర ఉన్నవి పిస్టళ్లూ రివాల్వర్లే. ఆ సంగతి వెనక్కి పోయింది. పది శాతం జెలటిన్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాలు దిగాలన్న ప్రమాణం అప్పుడే వచ్చింది. అది మంచి ప్రమాణం, దాన్ని ఒప్పుకుంటాను, ఎందుకంటే అది లోతును అడుగుతుంది, బోరును అడగదు. కానీ వాళ్లు అక్కడితో ఆగలేదు. 10 ఎంఎం తెచ్చారు. దాని తన్నుడు చాలామంది చేతులకు మించిపోయింది. మందు తగ్గించారు. 1990లో .40 వచ్చింది. చివరికి 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగమే 9 ఎంఎం చాలని తేల్చింది. ఆధునిక గుండ్లతో ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, 9 ఎంఎంతో మనుషులు మెరుగ్గా, వేగంగా కాలుస్తున్నారు అన్నారు. దాదాపు మూడు దశాబ్దాలు తిరిగి తిరిగి బయల్దేరిన బోరుకే వచ్చారు. మన డాలస్ బంధువుకు ఈ కథలో మొదటి సగమే తెలుసు.

ఇక అతను ఒక్కసారైనా ఆలోచించని సంగతి గోడ. అమెరికాలో మామూలు ఇంటి లోపలి గోడ చెక్క చట్రానికి రెండు వైపులా జిప్సమ్ పలకలు కొట్టి నిలబెట్టింది. మన ఇటుక గోడలా అది తూటాను ఆపదు. గురి తప్పితే, అర్ధరాత్రి చీకట్లో వణుకుతున్న చేతికి గురి తప్పడమే ఎక్కువ, ఆ తూటా పక్క గదిలోకి పోతుంది. పక్క గదిలో ఎవరు పడుకుంటారు? పిల్లలు. ఆర్నెల్లు ఉండిపోదామని విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు. ఇంటి కోసం తూటా ఎంచుకునేవాడు ముందు ఇల్లంతా తిరిగి, ఏ గది వెనక ఏ మంచం ఉందో చూసుకోవాలి. ఆ తర్వాతే తూటా మాట. ఇది పక్కన పెట్టి దొంగ నవ్వుతాడా ఏడుస్తాడా అని చర్చించడం ఆ ఇంట్లో నిద్రపోయేవాళ్లకు చేసే ద్రోహం.

ఇక గుండు రకం సంగతి. హాలో పాయింట్, అంటే ముక్కు దగ్గర గుంట ఉన్న గుండు, అనగానే కొందరికి దమ్‌దమ్ గుర్తొస్తుంది. కలకత్తా పక్క దమ్‌దమ్ ఆయుధాగారంలో బ్రిటిష్‌వాళ్లు తయారుచేసిన విచ్చుకునే రైఫిల్ తూటా అది. 1899 హేగ్ ప్రకటన అలాంటి గుండ్లను నిషేధించింది. ఆ నిషేధం దేశాల మధ్య యుద్ధానికి. ఊళ్లో పోలీసు పరిస్థితి వేరు. హాలో పాయింట్ ఒంట్లో విచ్చుకుని అక్కడే ఆగే అవకాశం ఎక్కువ. నిండా రాగి తొడుగున్న గుండు మనిషిని దాటి వెనక నిలబడ్డవాడికీ తగలగలదు. న్యూయార్క్ పోలీసులు 1998లో హాలో పాయింట్‌కు మారింది ఈ భయంతోనే. అలాగని దాన్ని పెట్టెలకొద్దీ కొని రేంజ్‌లో కాగితం మీద తగలేయడం వృథా. సాధనకు రాగి తొడుగు గుండు చాలు. ఇంటికి అదే బరువున్న హాలో పాయింట్ తీసుకుని, తన పిస్టల్‌లో ఇరుక్కోకుండా ఎక్కుతోందో లేదో కొన్ని కాల్చి చూసుకుంటే చాలు. 9 ఎంఎం గానీ, చెయ్యి బలహీనమైతే అంతకన్నా చిన్నది గానీ తీసుకుని, మిగిలిన డబ్బు సాధనకు పెట్టమంటాను. ఇంతకుమించి నా దగ్గర రహస్యమేమీ లేదు.

మన దేశంలో ఈ పిచ్చికి చోటే ఉండకూడదు. మామూలు లైసెన్సుదారుకు 9 ఎంఎం నిషిద్ధ బోరు. ఎక్కువగా దొరికేది .32. అయినా .45 గురించి నన్ను అడిగేవాళ్లు, తమ చేతిలో ఉన్న .32 గురించి అడగరు. రివాల్వర్‌లోకి వెళ్లే .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ వేరు, పిస్టల్‌లోకి వెళ్లే .32 ఏసీపీ వేరు. రెండింటినీ “త్రీ టూ” అనే పిలుస్తారు. ఒకదాని తూటా ఇంకోదానిలో వాడకూడదని తెలియకుండానే లైసెన్సు పుచ్చుకున్నవాళ్లు ఉన్నారు. అదీ తెలియదు గానీ, ఊరేగింపులో ఆకాశంలోకి పేల్చడం మాత్రం తెలుసు. పైకి పోయిన గుండు ఎవరో ఒకరి నెత్తిన దిగుతుంది. 2019 సవరణ తర్వాత సంబరాల కాల్పులకు రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆ పని కోసం ఏ తూటా మంచిదని నన్నెవరూ అడగొద్దు.

క్రీడలోకి కూడా ఈ రోగం పాకింది, అక్కడే నాకు ఎక్కువ బాధ. 2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్‌కు రజతం తెచ్చిన ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ .22. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆసియా క్రీడల్లో పతకాలు గెలిచిన 25 మీటర్ల పిస్టల్ కూడా .22. ఆ గుండు బరువు రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలూ 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌తో గెలిచింది, దాని బరువు అర గ్రాము. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, ఆ .45 గుండు అంత. మంచి షూటర్ తూటాలో బలం వెతకడు. ఒకే బ్యాచ్‌లో ప్రతి తూటా ఒకేలా పోతోందా అని వెతుకుతాడు. తుపాకీని బిగించి పెట్టి బ్యాచ్ తర్వాత బ్యాచ్ కాల్చి, తన బ్యారెల్‌కు సరిపడిందే కొంటాడు. .22 మ్యాచ్ తూటాను ధ్వని వేగానికి లోబడే ఉంచడం కూడా గుండు దారి తప్పకుండా చూడటానికే. సెంటర్ ఫైర్ పోటీలో వాడే .32 వాడ్‌కటర్‌కు ముక్కే ఉండదు, బల్లపరుపుగా కోసినట్టు ఉంటుంది. కాగితం మీద గుండ్రంగా, అంచు చెరగని రంధ్రం పడుతుంది, గీత తగిలిందా లేదా అన్న గొడవ ఉండదు. గుండ్రటి ముక్కు గుండు కాగితాన్ని చించుతుంది. పనికి తగ్గ తూటా అంటే ఇది.

మా షూటింగ్ రేంజ్‌కు పిల్లల్ని తెచ్చే తల్లిదండ్రులు మాత్రం కొన్ని వారాలు కాగానే “ఈ బొమ్మ తుపాకీ ఎన్నాళ్లు సార్, అసలుది ఎప్పుడిస్తారు?” అంటారు. తండ్రి సరదా కోసం పెద్ద బోరు పట్టుకున్న పిల్ల మొదటి శబ్దానికే కళ్లు మూస్తుంది. పదో తూటాకల్లా ట్రిగ్గర్ నొక్కకముందే మణికట్టు బిగుస్తుంది, పిస్టల్ ముక్కు కిందికి వాలుతుంది. ఆ ఉలికిపాటు ఒకసారి చేతికి పట్టిందంటే వదిలించడం కోచ్‌కు నెలల పని. మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య డమ్మీలు కలిపి ఇస్తాం. ఏది ఎప్పుడొస్తుందో పిల్లకు తెలియదు. డమ్మీ వచ్చినప్పుడు శబ్దం ఉండదు, చెయ్యి మాత్రం కిందికి దిగుతుంది, తన తప్పు తనకే కనబడుతుంది. మళ్లీ .22కు, అక్కడి నుంచి ఎయిర్ పిస్టల్‌కు దించి, గోడకు ఎదురుగా ఖాళీ ట్రిగ్గర్ నొక్కించడం దగ్గర మొదలుపెట్టాలి.